పొగగొట్టం చెప్పిన సాక్ష్యం

(మరిపెడలో విశ్రాంత ఉద్యోగుల నెలవారీ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పోయిన నెల పెన్షన్ బకాయిల గురించి, అంతకు ముందు నెల మోకాళ్ల నొప్పుల గురించి మాట్లాడుకున్నాం. ఈసారి కార్యదర్శి గారు నన్ను పిలిచి, "అమెరికా పోయి వచ్చినవు గదా, అక్కడి విశేషాలు చెప్పు" అన్నారు. నేను అక్కడ నయాగరా చూడలేదు. మూడు వారాలు మా అబ్బాయి ఇంటి ముందర ఒక పాత కారు కింద అట్ట పరుచుకొని పడుకున్నాను. కనుక దాని సంగతే చెబుతాను. ఆర్టీసీలో ముప్పై మూడేళ్లు పిట్‌లో నిలబడ్డవాడు ఇంకేం చెబుతాడు!

మా అబ్బాయి కాలిఫోర్నియాలో ఫ్రీమాంట్ అనే ఊళ్లో ఉంటాడు. అక్కడ మనవాళ్లు చాలామంది ఉన్నారు, కూరగాయల దుకాణంలో తెలుగు వినబడుతూనే ఉంటుంది. వాడు ముచ్చటపడి 1996 మోడల్ మజ్డా మియాటా అనే స్పోర్ట్స్ కారు కొన్నాడు. ఇద్దరికే సీట్లు. పైకప్పు వెనక్కి మడిచేయవచ్చు. 1.8 లీటర్ల పెట్రోలు ఇంజన్. పాతికేళ్లు దాటిన బండి అయినా పిల్ల గుర్రం లాగా ఉంది. బాధేమిటంటే, డ్యాష్‌బోర్డు మీద ఇంజన్ బొమ్మ ఉన్న పసుపు లైటు వెలుగుతున్నది, పెట్రోలు ఎక్కువ తాగుతున్నది, పొగగొట్టం మూతి మసిబారింది.

కాలిఫోర్నియాలో 1976 తర్వాతి పెట్రోలు కార్లకు చాలావాటికి రెండేళ్లకొకసారి పొగ పరీక్ష ఉంటుంది. 1999 వరకు వచ్చిన మోడళ్లకు అక్కడి పెద్ద పట్టణ ప్రాంతాలలో పరీక్ష గట్టిగా ఉంటుంది. బండిని రోలర్ల మీద ఎక్కించి, గంటకు 15 మైళ్లు, 25 మైళ్ల వేగాల దగ్గర పరుగెత్తిస్తూ పొగను కొలుస్తారు. మావాడి బండి ఆ పరీక్షలో తప్పింది. కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ వచ్చింది. పరీక్ష నెగ్గితేనే రిజిస్ట్రేషన్ రెన్యువల్. ఒక షెడ్డువాడు ఆక్సిజన్ సెన్సారు, క్యాటలిటిక్ కన్వర్టరు రెండూ మార్చాలన్నాడు. ఆ ఖర్చుతో ఇక్కడ మంచి సెకండ్‌హ్యాండ్ మోటారుసైకిలు వస్తుంది.

అప్పుడు నేను నోరు జారాను. "ఆ డబ్బా కోసిపారేసి సీదా పైపు వెల్డింగ్ చేయిద్దాం, మన దగ్గర నేను చేయించినదే గదా" అన్నాను. వాడు నా ముఖం వంక చూసి, "బాపూ, ఇక్కడ అది నేరం. అయినా నువ్వు ఎవరి బండికి చేయించినవు?" అని అడిగాడు. ఆ ప్రశ్నకు జవాబు తర్వాత చెబుతాను. మీలో ఒకరు ఇప్పటికే నవ్వుతున్నారు.

ముందు ఆ డబ్బా ఏమిటో చెప్పాలి. మనం డిపోలో ఉన్నప్పుడు పొగ అంటే నల్లపొగ. ఎయిర్ క్లీనరు మూసుకుందా, నాజిల్ కారుతున్నదా, పంపు క్యాలిబరేషన్ తప్పిందా, అంతే. పొగ తగ్గిస్తే కె.ఎం.పి.ఎల్. పెరుగుతుంది, డిపో మేనేజరు సంతోషిస్తాడు. పెట్రోలు బండిలో అసలు ప్రమాదం కంటికి కనబడదు. సగం కాలిన పెట్రోలు నుంచి కార్బన్ మోనాక్సైడ్, కాలని పెట్రోలు ఆవిరి, ఎక్కువ వేడికి పుట్టే నైట్రోజన్ ఆక్సైడ్లు వస్తాయి. ఈ మూడింటినీ విరిచేదే కన్వర్టరు. లోపల తేనెపట్టు లాంటి పింగాణీ దిమ్మ, దాని గోడలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత. సుమారు 300 డిగ్రీల వేడెక్కితే గాని పని మొదలుపెట్టదు. ఇంటి నుంచి బంగ్లా సెంటరు దాకా పోయి ఆపేసే బండిలో అది నిద్రలేవకముందే ప్రయాణం అయిపోతుంది. ఆ పూతలోని ఖరీదైన లోహాల కోసమే దొంగలు కార్ల కింద దూరి దాన్ని కోసుకుపోతారు. దానికోసం 2022లో కాలిఫోర్నియా ప్రత్యేకంగా చట్టాలు చేయవలసి వచ్చింది.

దీనికి మూలపురుషుడు యూజీన్ హూడ్రీ అనే ఫ్రెంచి ఇంజనీరు. 1950లలోనే అమెరికాలో పేటెంటు తీసుకున్నాడు. కాని అప్పటి పెట్రోలులో సీసం కలిపేవారు. సీసం పూత మీద పేరుకుంటే కన్వర్టరు చచ్చిపోతుంది. అందుకని 1975 మోడళ్ల దాకా అది విరివిగా రాలేదు. మన దేశంలో 1995 ఏప్రిల్ నుంచి నాలుగు మహానగరాల్లో కొత్త పెట్రోలు కార్లకు కన్వర్టరు తప్పనిసరి చేశారు, సీసం లేని పెట్రోలు అక్కడే మొదలైంది. 2000 ఫిబ్రవరి నుంచి దేశమంతటా సీసం లేని పెట్రోలే. భారత్ స్టేజ్ మెట్లు ఆ తర్వాత ఒక్కొక్కటే ఎక్కాం. నాలుగో మెట్టు హైదరాబాదుకు 2010లో వస్తే మన మరిపెడ లాంటి ఊళ్లకు కొన్నేళ్లు ఆలస్యంగా వచ్చింది. ఆరో మెట్టు 2020 ఏప్రిల్ 1 నుంచి అందరికీ ఒకేసారి. అన్నాళ్లూ హైదరాబాదు వాడి ఊపిరికి ఒక లెక్క, మన ఊపిరికి ఒక లెక్క అన్నమాట!

ఇక సెన్సారు. ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్లు గాలి, బరువు లెక్కన, కలిస్తే కన్వర్టరు మూడు విషాలనూ ఒకేసారి విరచగలదు. (ఇథనాల్ కలిపిన పెట్రోలుకు ఈ లెక్క కొంత తగ్గుతుంది.) అటూ ఇటూ కొంచెం పోయినా ఏదో ఒకటి మిగిలిపోతుంది. అంత సన్నని లెక్కను కార్బురేటరు స్క్రూ తిప్పి పట్టుకోలేం. అందుకని పొగగొట్టంలోనే ఒక సాక్షిని కూర్చోబెట్టారు. స్పార్కు ప్లగ్గు లాంటిదే, కొసన జిర్కోనియా పింగాణీ. పొగలో ఆక్సిజన్ మిగిలితే 0.1 వోల్టు, మిగలకపోతే 0.9 వోల్టు దాకా కరెంటు పుట్టిస్తుంది. దాన్ని చూసి కంప్యూటరు పెట్రోలు తగ్గిస్తూ పెంచుతూ పోతుంది. బాష్ కంపెనీ 1976లో తయారుచేసి వోల్వో కార్లతో మొదలుపెట్టిన పరికరం ఇది. 1996 మోడళ్ల నుంచి అమెరికాలో కన్వర్టరుకు వెనుక కూడా రెండో సెన్సారు పెట్టారు. ముందుది ఊగుతుండాలి, వెనుకది దాదాపు నిలకడగా ఉండాలి. వెనుకది కూడా ముందుదానిలాగే ఊగితే కన్వర్టరు పని చేయడం లేదని అర్థం.

మావాడు ఫోనుకు ఒక చిన్న పరికరం తగిలించి కోడ్ చదివాడు. పి 0171. అంటే మిశ్రమంలో పెట్రోలు తక్కువైందని. ఇదేం చోద్యం? పొగగొట్టం నిండా మసి, మోనాక్సైడు ఎక్కువ, పెట్రోలు వాసన, కంప్యూటరేమో పెట్రోలు తక్కువంటున్నది! ముందరి సెన్సారు ఊగకుండా 0.1 దగ్గరే పడి ఉన్నది. సెన్సారు చచ్చిందని షెడ్డువాడు అన్నది అందుకే. వెనుక సెన్సారు మాత్రం 0.8 చూపిస్తున్నది. ఒకే పొగ, ఇద్దరు సాక్షులు, రెండు మాటలు.

రెండు రోజులు ఆలోచించాను. మూడోరోజు తెల్లవారుజామున, బండి చల్లగా ఉన్నప్పుడు స్టార్టు చేయించి, పొగగొట్టం మూతికి తడిగుడ్డ అదిమిపెట్టమన్నాను. నేను బానెట్లో చెవి పెట్టాను. మ్యానిఫోల్డు కింది జాయింటు దగ్గర టిక్ టిక్‌మని చప్పుడు. పాత లేలాండులో ఎన్నిసార్లు విన్నానో! గ్యాస్కెట్ కాలిపోయింది. పొగ ఒక్క తీరుగా పోదు, దడదడమని పోతుంది. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ నడుమ ఆ సందులోంచి బయటి గాలి లోపలికి గుంజుకుంటుంది. సెన్సారు ఆ గాలిలోని ఆక్సిజన్‌ను చూసి, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. కంప్యూటరు దాన్ని నమ్మి పెట్రోలు పోసింది. పోసిన కొద్దీ మసి. సెన్సారు అబద్ధమాడలేదు, దాని ముందర గోడకు కన్నం పడింది. వెనుక సెన్సారు దాకా వచ్చేసరికి కన్వర్టరు ఆ కొద్ది గాలినీ వాడేసుకుంటుంది, మిగిలేది పెట్రోలే.

కొత్త గ్యాస్కెట్ వేశాం. దాని ధర ఇద్దరి టిఫిన్ ఖర్చంత. ముందరి సెన్సారు మళ్లీ ఊగడం మొదలుపెట్టింది. కన్వర్టరు అదృష్టవశాత్తు బతికే ఉంది. ఇంకొన్ని నెలలు అట్లాగే నడిపితే ఎక్కువైన పెట్రోలు లోపల కాలి ఆ దిమ్మ కరిగిపోయేది. ఇక్కడ నేను ఇంకో తప్పు చేశాను. లైటు ఆరిపోవాలని బ్యాటరీ తీగ పీకాను. లైటు ఆరింది, పరీక్షవాడు మాత్రం వెనక్కి పంపాడు. తీగ పీకితే కంప్యూటరు తను చేసుకునే స్వీయపరీక్షల లెక్కలన్నీ చెరిగిపోతాయట. కొన్ని రోజులు ఊళ్లో, హైవే మీద నడిపితే గాని అవి మళ్లీ పూర్తికావు. ఆ వంకన కొడుకూ నేనూ కప్పు తీసి సముద్రం దాకా పోయి వచ్చాం. తర్వాత పరీక్ష నెగ్గింది.

ఇప్పుడు వాడడిగిన ప్రశ్నకు వస్తాను. ఆ బండి మన సభ్యుడిదే, రిటైరైన ఉపాధ్యాయులు. వారి అనుమతితోనే చెబుతున్నాను. చాలా ఏళ్ల కిందట సారు పాత పెట్రోలు కారు కొన్నారు. లాగడం లేదు, కింద గలగలమంటున్నదన్నారు. దిమ్మ పగిలి దారి మూసుకుపోయింది. నేనే దగ్గరుండి కన్వర్టరు కోయించి, పైపు వెల్డింగ్ చేయించాను. అడ్డం పోయింది గనుక బండి బాగా లాగింది. "అన్నా, నీ చెయ్యి పడితే చాలు" అన్నారు సారు. నేను పొంగిపోయాను.

ఆ చలికాలం వారు కుటుంబంతో భద్రాచలం బయలుదేరారు. అద్దాలన్నీ మూసే ఉన్నాయి. ఖమ్మం దాటేసరికి వెనుక సీట్లోని అమ్మగారికి తలనొప్పి, చిన్న మనవరాలికి వాంతి, మత్తు. ప్రయాణం పడలేదనుకున్నారు. చెట్టు కింద ఆపితే తేరుకున్నారు, ఎక్కితే మళ్లీ అదే. పాప వాంతి చేసుకుంటుందేమోనని మిగతా దారంతా అద్దాలు దించి నడిపారు. ఆ అద్దాలే వాళ్లను కాపాడాయి.

తిరిగొచ్చాక నేనే కింద చూశాను. నేను వేయించిన వెల్డింగ్ పగిలింది. దానికి పైన ఫ్లోర్‌లో ఒక రబ్బరు బిరడా ఊడిపోయి ఉంది. మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. నెత్తుటిలోని హీమోగ్లోబిన్‌కు ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. పగులు మూయించి, బిరడా పెట్టించి, పనైపోయిందనుకున్నాను. ఆ విషాన్ని విరిచే డబ్బాను తీసేసింది నేనేనన్న సంగతి అప్పుడు నా మనసుకు రానేలేదు. ఫ్రీమాంట్‌లో అట్ట మీద పడుకొని మియాటా డబ్బాను చూస్తుంటే వచ్చింది.

ఊరికి రాగానే సారు ఇంటికి పోయి ఉన్న విషయం చెప్పాను. వారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పాప ఇప్పుడు ఇంటర్ చదువుతున్నదన్నా" అన్నారు. లోపలికి పిలిచి, "తాతకు చాయ్ ఇయ్యి బిడ్డా" అన్నారు. ఆ చాయ్ గొంతు దిగలేదు. మరుసటి వారం వరంగల్ నుంచి కొత్త కన్వర్టరు తెప్పించి వేయించాం. డబ్బు నేనే పెడతానంటే సగానికే ఒప్పుకున్నారు.

పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది గదా అంటారేమో. ఆ కారుకు ఏటేటా ఉంది! మన పరీక్షలో బండి నిలబడి ఉన్నప్పటి పొగనే చూస్తారు. భారత్ స్టేజ్ రెండు, మూడు మెట్ల నాలుగు చక్రాల పెట్రోలు బండికి మోనాక్సైడు అర శాతం దాటరాదు, అంతకు ముందువాటికి మూడు శాతం. కన్వర్టరు లేని కారు అర శాతంలో నెగ్గడం కష్టమే. ఒకచోట గొట్టంలో పుల్ల పెట్టకుండానే కాగితం చేతికిచ్చారు. ఎక్కడో అనను. తీసుకున్న మేమూ తక్కువవాళ్లం కాదు.

మనలో పది, పదిహేనేళ్ల పెట్రోలు కార్లు ఉన్నవారు చాలామందే కనబడుతున్నారు. వచ్చే ఆదివారం పొద్దున ఆరున్నరకు నేను మా ఇంటి ముందరే ఉంటాను. చూసినందుకు పైసా వద్దు. కాకపోతే బండి రాత్రంతా ఆపి ఉన్నదై ఉండాలి, దగ్గరివారు నెట్టుకొని వచ్చినా సరే. ఇంజన్ వేడెక్కితే ఇనుము సాగి సందు మూసుకుంటుంది, ఆ టిక్ టిక్ ఇక వినబడదు. ఒక తడిగుడ్డ కూడా తెచ్చుకోండి, మా ఇంట్లో ఉన్నవన్నీ మసిపట్టాయని మా ఆవిడ కోపంగా ఉంది.

సెలవు.