మస్టరు చదివే గొంతు



పొద్దున కల్యాణదుర్గం దాటి కంబదూరు దారి పట్టాక ఒకచోట కారు ఆపించాను. రోడ్డు పక్క చేనులో నీటికుంట ఒకటి కనిపించింది. దిగి గట్టు మీద అడుగులేసి పొడవూ వెడల్పూ చూసుకున్నాను. చాలా ఏళ్లు ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో పనిచేశాను, మొదట ఊళ్లు తిరిగే మనిషిగా, తర్వాత బృందాన్ని నడిపే బాధ్యతలో. కుంట కనపడితే నా చెయ్యి ఇప్పటికీ టేపు కోసం వెతుక్కుంటుంది. సర్కారు సొమ్ముకు కాపలా కాసే ఆఫీసును నడపడమంటే ఏమిటో ఇవాళ పట్టాలు అందుకున్న మీకు చెప్పమని పెద్దలు అడిగారు. ఆ సంగతి నాకు ఇలాంటి కుంటల దగ్గరే తెలిసింది.

ఈ పనికి పుట్టిల్లు లాంటిది మన అనంతపురం జిల్లా. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం మొదలైంది ఇక్కడే, నార్పల మండలం బండ్లపల్లిలో. ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ ఆ ఊరికి వచ్చారు. వానలు లేక, వేరుశనగ చేతికి రాక, ఇళ్లకు తాళాలు వేసి బెంగళూరు బేల్దారి పనులకు పోయే జనం ఉన్న జిల్లా కాబట్టి అది ఇక్కడ మొదలవడం న్యాయమే. పథకంతో పాటు మరొకటి వచ్చింది. దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. 2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ పనుల లెక్కను తనిఖీ చేసే బాధ్యతను గ్రామసభకే ఇచ్చింది. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వాళ్లు 1994 నుంచి ఊరి నడుమ బిల్లులూ, కూలీల హాజరు రాసే మస్టర్లూ బిగ్గరగా చదివి చూపించిన పద్ధతే దానికి మూలం. ఆ అనుభవం ఉన్నవాళ్లు మన రాష్ట్రానికి వచ్చి నేర్పారు. 2009లో మన ప్రభుత్వం సామాజిక తనిఖీ కోసం విడిగా ఒక సొసైటీని పెట్టింది. పథకం నడిపేవాళ్లూ, దాన్ని తనిఖీ చేసేవాళ్లూ ఒకరే కాకూడదన్నది అందులోని ఆలోచన. కంచే చేను మేస్తే అడిగేవాడు వేరే ఉండాలి కదా.

తనిఖీ ఎలా జరుగుతుందో ఒక ఊరి కథగా చెబుతాను. ఊరి పేరు చెప్పను. కూలి ఇళ్లలో చదువుకున్న పిల్లలనే తనిఖీదారులుగా తీసుకునేవాళ్లం. ఎవరినీ సొంత ఊరికి పంపేవాళ్లం కాదు. వాళ్లు మస్టర్లు, కొలతల పుస్తకాలు, పే ఆర్డర్లు పట్టుకుని ఇంటింటికీ తిరుగుతారు. "ఈ వారం ఆరు రోజులు పనికి పోయినావామ్మా? ఇంత డబ్బు ముట్టిందా?" అని అడిగి, చెప్పింది రాసుకుని, చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకుంటారు. చివర్లో గ్రామసభ, ఆ తర్వాత మండలంలో ప్రజావేదిక అనే బహిరంగ సభ.

ఆ ఊరి గ్రామసభ రచ్చకట్ట దగ్గర జరిగింది. మా బృందంలో ఇరవై రెండేళ్ల పిల్ల మస్టరు చదువుతోంది. ఒక పేరు దగ్గర వెనక నుంచి ముసలమ్మ లేచింది. "యమ్మా, ఆ పేరు మళ్లా సదువు" అంది. చదివింది. "అది నా కోడలు. ఆ నెలంతా బెంగళూరులో ఉండాదే!" ఆ మాటతో సభ సద్దుమణిగిపోయింది. తర్వాత ఒకరు, ఇంకొకరు లేచారు. చచ్చిపోయిన మనిషి పేరు మీద రెండు వారాల కూలి పడింది. రోడ్డు పక్క హోటలు నడిపే ఆయన పేరు మీద మట్టి మోసినట్టు ఉంది. ఆ సొమ్ము మహా అయితే కొన్ని వేలు. కానీ ఆ ముసలమ్మకు అక్షరం రాదు. తన ఇంటి మనిషి పేరుతో ఎవరో సంతకం పెట్టుకున్నారని ఆమెకు తెలిసింది ఆ పిల్ల గొంతు వల్లే. మేం ఏ దొంగనూ పట్టుకోలేదు, లెక్క చదివి వినిపించాం, అంతే. దొంగతనాన్ని ఊరే పట్టుకుంది.

ఇంకో ఊళ్లో మేం తప్పు చేశాం, దాన్ని కూడా చెప్పాలి. కొలతల పుస్తకంలో కుంట పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల లోతు. అంటే రెండు వందల ఘనపు మీటర్ల మట్టి. మా కుర్రాడు టేపు వేస్తే లోతు ఒకటిన్నర కూడా లేదు. నాలుగో వంతు పైగా పని కాగితాల మీదే జరిగిందని నివేదిక రాశాం. ప్రజావేదికలో ఆ కొలతలు రాసిన టెక్నికల్ అసిస్టెంటు నిలబడ్డాడు. అతనికి గొంతు పెగల్లేదు. అక్కడున్న కూలీల్లో ఒక పెద్దాయన లేచి, "సార్, తవ్వినాక రెండు వానలు పడినాయి. ఒండ్రు చూసినారా?" అన్నాడు. మర్నాడు పోయి గునపం దించాం. పైన మెత్తటి ఒండ్రు, గునపం జారుతూ పోయి గట్టి నేల తగిలేసరికి లోతు రెండు మీటర్లకు రెండు మూడు వేళ్లు తక్కువ. పని నిజంగా జరిగింది. తర్వాత అదే వేదిక మీద నిలబడి ఆ టెక్నికల్ అసిస్టెంటుకు క్షమాపణ చెప్పాను. అప్పటినుంచి మా బృందంలో ఎవరూ గునపం దించకుండా కుంట లోతు రాయలేదు. ఒండ్రు తీసి చూడకుండా మనిషి మీద ముద్ర వేసే ఆఫీసుకు కాపలా కాసే హక్కు లేదని నా నమ్మకం.

ఆఫీసు నడపడం గురించి ఇప్పుడు. దేశంలో సర్కారు లెక్కలు తనిఖీ చేసే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ గురించి రాజ్యాంగంలో 148వ అధికరణం చదవండి. ఆ అధికారిని తొలగించాలంటే సుప్రీంకోర్టు న్యాయమూర్తిని తొలగించేంత తతంగం ఉంటుంది. పదవి దిగాక ప్రభుత్వంలో మరో పదవి తీసుకోకూడదు. జీతం ఏ శాఖ దయ మీదా ఆధారపడదు. అంబేద్కర్ రాజ్యాంగ సభలో ఆ పదవిని బహుశా అన్నిటికన్నా ముఖ్యమైనదని అన్నది ఊరికే కాదు. పెద్ద ఆఫీసుకు ఇచ్చిన రక్షణ చిన్న ఆఫీసుకు ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే మా పిల్లలు ఢిల్లీలో కూర్చోరు, రోజూ ఊళ్లో తిరగాలి. మన రాష్ట్రంలో పథకం ఖర్చులో అర శాతం తనిఖీకి విడిగా పెట్టింది అందుకే. ఆ అర శాతం సకాలంలో రాకపోతే తనిఖీ ఆగిపోతుంది. చాలా రాష్ట్రాల్లో తనిఖీ సంస్థలు నెలల తరబడి నిధుల్లేక ఎండిపోయాయి. ఆరు నెలలకోసారైనా ప్రతి పంచాయతీలో తనిఖీ జరగాలని 2011 నాటి నిబంధనలు చెప్పాయి. నిధులు ఆపితే ఆ నిబంధన కాగితానికే పరిమితం.

తనిఖీకి వెళ్లిన పిల్లలకు నేను ఒక్క షరతు పెట్టేవాణ్ణి. ఊళ్లో సర్పంచి ఇంటా, ఫీల్డ్ అసిస్టెంటు ఇంటా అన్నం తినకూడదు, కూలీల ఇళ్లల్లో లేదా బడిలో పడుకోవాలి. చూడ్డానికి చిన్న విషయం. కానీ రాత్రి ఎవరింట తిన్నామో పొద్దున మన కలం అటే వంగుతుంది.

ఈ పనిలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టింది తర్వాతి దశ. తేలిన సొమ్ము తిరిగి రావాలి. దేశమంతటా చూస్తే తనిఖీల్లో తేలిన దాంట్లో వసూలైంది చాలా తక్కువ. సభలో అందరి ఎదుటా ఒప్పుకున్న మనిషి ఆరు నెలల తర్వాత అదే కుర్చీలో కనిపిస్తే, లేచి మాట్లాడిన ముసలమ్మకు మనం ఏం చెప్పగలం? మరుసటిసారి ఆమె లేవదు. ఆమె లేవకపోతే ఎన్ని కంప్యూటర్లు పెట్టినా ప్రయోజనం లేదు. పనిచోట ఫోటోలు తీసి హాజరు వేసే యాప్‌లో ఫోటోకే ఫోటో తీసి ఎక్కిస్తున్నారని 2025లో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖే రాష్ట్రాలకు రాసింది. యాప్ ఫోటోను తీసుకుంటుంది గానీ, "అది నా కోడలు" అని చెప్పదు.

మీలో కొందరు గ్రూప్స్‌కు చదువుతారు, కొందరు బ్యాంకుల్లో, సచివాలయాల్లో, ఆడిట్ ఆఫీసుల్లో చేరతారు. మీ బల్ల మీదకు మస్టర్లు, బిల్లులు, బీమా జాబితాలు వస్తాయి. ప్రతి వరసలోనూ ఈ పీఠభూమి మీద ఎండలో నిలబడిన ఒక మనిషి పేరు ఉంటుంది. దానికి ఎదురుగా ఉన్న అంకె అబద్ధమని మీకు తెలిస్తే, సంతకం పెట్టకండి.

ఆ రోజు రాకముందే చేయాల్సింది ఒకటి ఉంది, ఇవాళ రాత్రికే. ఇంటికి పోగానే పెట్టెలో ఉన్న జాబ్ కార్డు బయటికి తీయండి. మీ అమ్మనో, అవ్వనో పక్కన కూర్చోబెట్టుకుని అందులో రాసిన ప్రతి పనీ, ప్రతి రోజూ, ప్రతి రూపాయీ గట్టిగా చదివి వినిపించండి. "ఇది నిజమేనా?" అని అడగండి. కాదంటే, వచ్చే గ్రామసభకు ఆమెను వెంటబెట్టుకుని వెళ్లండి.