తురుంఖాన్ మొదలు పులిహోర దాకా



వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారి పుట్టినరోజున కలుసుకున్నాం కాబట్టి, జనం నోటి మాట గురించే మాట్లాడతాను. అందులోనూ కుర్రకారు మాట. తోపు, కిరాక్, కేక, లైట్ తీస్కో, హ్యాండిచ్చాడు, పులిహోర కలుపుతున్నాడు. ఇవి విని తెలుగు పాడైపోతోందని నొచ్చుకునే పెద్దలు ఈ సభలోనూ ఉన్నారు. తెలుగు పాఠం చెప్పినవాణ్ని, నేనూ ఒకప్పుడు పిల్లల్ని కసిరాను.

ఒకరోజు క్లాసులో ఓ కుర్రాడు పక్కవాడితో ‘నువ్వేమన్నా పెద్ద తురుంఖాన్‌వా?’ అన్నాడు. ‘తురుంఖాన్ ఎవర్రా?’ అని అడిగాను. ఒక్కరికీ తెలియదు. పాఠం పక్కనపెట్టి ఆ కథే చెప్పాను. 1857 జూలై 17న హైదరాబాదు కోఠీలోని బ్రిటిష్ రెసిడెన్సీ మీదికి జనాన్ని వెంటబెట్టుకుని దండెత్తినవాడు తుర్రేబాజ్ ఖాన్. పట్టుబడ్డాడు. ద్వీపాంతర శిక్ష పడితే చెరలోంచి తప్పించుకున్నాడు. చివరికి 1859లో తూప్రాన్ దగ్గర కాల్చి చంపారు. ఆయన పేరే జనం నోట తురుంఖాన్ అయిందని హైదరాబాదులో చెప్పుకుంటారు. ‘వాడు తోపు, తురుము’ అనే మాటలోని తురుము కూడా అక్కడిదేనేమోనని నా అనుమానం. క్లాసు నిశ్శబ్దమైపోయింది. ఆనాటి నుంచి నేను కసరడం మానేసి, మాటలు రాసుకోవడం మొదలుపెట్టాను.

పులిహోర సంగతే చూడండి. వేడన్నం వెడల్పాటి పళ్లెంలో ఆరబోసి, పసుపూ నూనే పట్టించి, ఉడికించిన చింతపండు గుజ్జు వేసి మా అమ్మ కలిపేది. మెతుకు చితకకూడదు, ప్రతి మెతుక్కీ పులుపు అంటాలి. అందుకే తొందరపడేది కాదు, వేళ్ల కొసలతో అడుగు నుంచి పైకి తెస్తూ ఉండేది. అబ్బాయి అమ్మాయి దగ్గర చేరి నెమ్మదిగా, విసుగు లేకుండా, మాట మాటకీ కాస్త తీపి అద్దుతూ కబుర్లు చెబితే ‘పులిహోర కలుపుతున్నాడు’ అంటారు. ఆ కలపడం దగ్గరుండి చూసినవాడికే ఈ పోలిక తడుతుంది. వంటింట్లోంచి వచ్చిన ఇంత చక్కని తెలుగును కల్తీ అని ఎలా అనగలం?

ఇంగ్లీషు కలిసినవీ ఉన్నాయి. ‘చేయందించాడు’ అంటే ఆదుకున్నాడు. ‘హ్యాండిచ్చాడు’ అంటే నమ్మించి నట్టేట ముంచాడు. చెయ్యి ఒకటే, అర్థాలు ఎదురుబొదురు. ‘లైట్ తీస్కో’ మరీ విచిత్రం. పరీక్ష పోయి ఏడుస్తున్న స్నేహితుడి భుజమ్మీద చెయ్యేసి అంటే ఓదార్పు. న్యాయం చెయ్యమని వచ్చినవాడితో అంటే అవమానం. అందుకే ఈ మాటలకు ఎదురుగా ఒక్క అర్థం రాసి ఊరుకుంటే చాలదు. ఎవరు, ఎవరితో, ఏ గొంతుతో అన్నారో కూడా రాయాలి.

అలాగని అన్నిటినీ నెత్తిన పెట్టుకోను. ‘మెంటల్’ అని తిట్టుగానూ మెప్పుగానూ వాడేస్తున్నారు. మనసుకు జబ్బు చేసిన బిడ్డ ఉన్న ఇంట్లో ఆ మాట ఎలా గుచ్చుకుంటుందో ఆలోచించండి. కులం పేర్లనే తిట్లుగా మార్చిన మాటలూ ఉన్నాయి. వాటిని నేను ఈ వేదిక మీద పలకను. నోట్లోకి రానివ్వకూడదు కానీ, అవి ఎవరిని ఎలా నొప్పించాయో నిఘంటువులో మాత్రం రాసి ఉండాలి.

ఇలాంటి పని మనకు కొత్త కాదు. పరభాషా పదాలు కలిసిన తెలుగు కోసం సి.పి. బ్రౌన్ దొర 1854లోనే విడిగా మిశ్రభాషా నిఘంటువు అచ్చువేశాడు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తిగారు రైతుల మాటలు సేకరించి కూర్చిన వ్యవసాయ పదకోశం 1962లో వచ్చింది. నాగలి భాగాల పేర్లు రైతు నోటి నుంచి విని రాసుకున్నట్టే, బస్టాపులో, హాస్టలు గదిలో పుట్టే మాటనూ విని రాసుకోవాలి. ఇవి త్వరగా పోతాయి. నేను చదువుకునే రోజుల్లో మేం వాడిన మాటలు కొన్ని నాకే గుర్తుకు రావడం లేదు, ఎక్కడా రాసి లేవు.

హాలు బయట బల్ల మీద కాగితాలూ పెన్నులూ పెట్టించాను. మీ ఇంట్లో పిల్లలు అనే మాట ఒకటి రాయండి. కింద మీ ఊరు పేరు, ఆ మాట ఎవరు ఎవరితో అన్నారో ఆ వాక్యం మొత్తం రాయండి. అర్థం తెలియకపోతే ఆ చోటు ఖాళీగా ఉంచండి, ఇంటికెళ్లి పిల్లల్నే అడుగుదాం.