కట్టప్ప ఎందుకు ఇడిసిపోలేదు?

(సిద్దిపేటలో దళిత యువజనులు, విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భూమి గురించో, రిజర్వేషన్ల గురించో చెప్తరనుకుంటే సినిమా ముచ్చట పెడుతున్నరేందని వెనుక వరుసల గుసగుసలు పోతున్నయి. మాకు వినబడింది. సంఘం మీటింగుకు ఇంటింటికీ తిరిగి పిలిస్తే పదిమంది వస్తరు. సినిమాకు ఎవరూ పిలవకుండనే వాడంతా పోతది. అక్కడ మన పిల్లల బుర్రల్లో ఏం పడుతున్నదో మనం చూడకుంటే ఇంకెవరు చూస్తరు?

2015 జూలై 10న 'బాహుబలి' మొదటి భాగం వచ్చింది. చివర్ల కట్టప్ప బాహుబలిని వెన్నుల పొడిచిండు. కథ అక్కడ ఆపిండ్రు. 2017 ఏప్రిల్ 28న రెండో భాగం వచ్చేదాకా టీ కొట్టు కాడ, బస్సుల, పెండ్లి పందిట్ల దేశమంతా ఒక్కటే ప్రశ్న: కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపిండు? సిద్దిపేట జిల్లా అయినంక వచ్చిన మొదటి ఎండాకాలం అది. రెండో భాగం పది రోజుల్లోనే వెయ్యి కోట్లు దాటింది. 2025 అక్టోబర్ 31న రెండు భాగాలనూ కుదించి, కలిపి 'బాహుబలి: ది ఎపిక్' అని మళ్లీ వదిలిండ్రు. రెండో భాగం వచ్చిననాడు ఉయ్యాలల ఉన్న పిల్లలు ఇప్పుడు బడికి వచ్చి ఛాతీ మీద గుద్దుకుంటున్నరు.

ఈ మళ్లీ విడుదల అయినంక మేము కొంతమంది ఉపాధ్యాయులం పిల్లలతోటి అభిప్రాయాలు రాయించినం. వాడల్లో పెద్దలనూ అడిగినం. పిల్లల్లో ఎక్కువమంది రాసింది బాహుబలి బలం గురించే. మదమెక్కిన ఏనుగును లొంగదీసుడు, తాటిచెట్లను వంచి సైనికులను కోట మీదికి విసురుడు. వాళ్లకు ఇతను మన సూపర్ హీరో. తప్పేం లేదు, మాకూ ఈల వెయ్యబుద్ధి అయ్యింది. కానీ అమెరికా వాళ్ల స్పైడర్ మ్యాన్ ఒక మామూలు పిల్లగాడు. సాలెపురుగు కుట్టి బలం వచ్చింది, ఎవరిని కుట్టినా వచ్చేదే. మన బాహుబలికి బలం ఎక్కడిది? రక్తంల ఉన్నది. జలపాతం కింద గూడెంల పెరిగినా, పెంచిన తల్లి సంగ గుండెకు హత్తుకొని సాదినా, అతను రాజు కొడుకు గనుకనే కొండ ఎక్కగలిగిండని కథ. రెండో భాగం వచ్చేసరికి సంగ ఎవరికీ యాదికి లేదు. పిల్లల కాగితాల్లో ఆమె పేరు ఒక్కటంటే ఒక్కచోట లేదు.

కట్టప్ప దగ్గరికి వచ్చేసరికి పిల్లలు రెండు జట్లయిండ్రు. సగం మంది 'ద్రోహి' అని రాసిండ్రు. సగం మంది 'విశ్వాసపాత్రుడు' అని రాసిండ్రు. 'బానిస' అన్న మాట ఎవరూ రాయలే. సినిమాల ఆ మాట దాచిపెట్టలేదు, కట్టప్ప తనంతట తనే చెప్పుకుంటడు. అయినా కండ్లకు ఆనలేదు. చంపమని ఆజ్ఞ ఇచ్చింది శివగామి. నువ్వు చంపకుంటే నేనే చంపుతనని బెదిరించింది. ఆమె రాజమాతగానే మిగిలింది, కట్టప్ప పేరు మాత్రం తిట్టయ్యింది. ఎన్నికల్లో ఎవడన్నా పార్టీ మారితే 'కట్టప్ప' అంటున్నరు. ఊర్లల్ల జరిగేది వేరేనా? పెద్దమనిషి గడీల కూసోని సైగ చేస్తడు, కట్టె పట్టేది మనోడు, కేసు పడేది మనోని మీద.

ఒక ఊర్ల ఒక పెద్దాయనను అడిగినం. చిన్నప్పటిసంది పటేలు ఇంట్ల జీతం ఉన్న మనిషి. మనుమడు ఫోన్ల చూపిస్తే సినిమా చూసిండట. ఆయన అన్న మాట ఇది: "కట్టప్ప అంటే మా అసొంటి జీతగాడే గద సారూ. మా నాయిన అక్క పెండ్లికి తెచ్చిన అప్పుకు నేను జీతం జేసిన. ఆయిన తాత ఏం అప్పు తెచ్చిండో సినిమాల చెప్పలేదేంది?"

మేము ఇన్ని పుస్తకాలు చదివినోళ్లం. ఆ ప్రశ్న మాకు తట్టలేదు. మొదటి భాగంల అస్లాం ఖాన్ అనే ఆయుధాల వ్యాపారి కట్టప్పను విడిపిస్తనంటడు. కట్టప్ప ఒప్పుకోడు. మా పూర్వీకులు సింహాసనానికి మాట ఇచ్చిండ్రు అంటడు. హాల్ల అందరూ చప్పట్లు కొడతరు. తాత ఇచ్చిన మాటకు మనుమడు మెడ వంచుడును మన చట్టం వెట్టి అంటది. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1976ల వెట్టిచాకిరీ రద్దు చట్టం వచ్చింది. తండ్రి తాతల అప్పు పేరు మీద మనిషిని కట్టేసుకుంటే అది నేరం, ఆ అప్పు చెల్లదు. కట్టప్పకు ఈ చట్టం లేదు, సరే. మనకున్నది గదా, మనం ఎందుకు చప్పట్లు కొట్టినం?

ఇక్కడ ఒక డిగ్రీ తమ్ముడు మాతోటి గట్టిగ వాదించిండు. "సార్, బాహుబలి కట్టప్పను మామా అని పిలిచిండు. భల్లాలదేవుని లెక్క చూడలేదు" అన్నడు. నిజమే. తమ్మీ, వరుస పెట్టి పిలిచే దొరలు మన దిక్కు కూడా ఉండిరి. పండుగకు కొత్త ధోవతి ఇచ్చినోళ్లు, పిల్లల పెండ్లికి బియ్యం పంపినోళ్లు ఉండిరి. కట్టు విప్పినోళ్లు ఎంతమంది? బాహుబలి పాణం పోయేటప్పుడు కూడా అమ్మను చూసుకొమ్మని కట్టప్పకు పని అప్పజెప్పిండు. కొడుకు గద్దెనెక్కిండు, సినిమా అయిపోయింది, కట్టప్ప విడుదల ముచ్చట ఎవరూ ఎత్తలే. చెడ్డరాజు పోయి మంచిరాజు వచ్చిండని మనం ఇండ్లకు పోయినం.

మొదటి భాగంల కట్టప్ప మోకాళ్ల మీద కూసోని బాహుబలి కొడుకు పాదం తీసి నెత్తిన పెట్టుకుంటడు. ఆ బొమ్మ గోడల మీద, సెల్‌ఫోన్లల్ల అంతటా కనబడ్డది. "బాంచన్ దొరా, కాల్మొక్త" అన్న మాట ఈ తెలంగాణ నేల మీదనే పుట్టింది. ఆ మాట నోట్లె నుంచి పోగొట్టుకోను ఎంత నెత్తురు పారిందో మీ తాతలను అడుగుండ్రి. విచిత్రం ఏందంటే, ఆ పాదం నెత్తిన పెట్టుకున్న నటుడు సత్యరాజ్ 2007ల వచ్చిన తమిళ సినిమాల పెరియార్ వేషం కట్టినోడు. ఆయనను అనుడు మా ఉద్దేశం కాదు. వేషం వేషమే.

కాలకేయుల ముచ్చట ఒకటి. వాళ్లకు నల్లరంగు పూసి, 'కిలికి' అని కొత్త భాష అల్లి పెట్టిండ్రు. ఇప్పుడు బడుల్లో నల్లగ ఉన్న పిల్లగాన్ని 'కాలకేయ' అని ఎక్కిరిస్తున్నరు. ఆ భాష అల్లిన మదన్ కార్కీయే తమిళ బాహుబలికి మాటలు రాసిండు. అందుల ఒక మాట అరుంధతీయులను కించపరుస్తున్నదని 2015ల మదురైల నిరసన లేచింది. ఆయన క్షమాపణ చెప్పిండు. ఆ అరుంధతీయుల్ల చాలామంది ఇంట్ల మాట్లాడేది తెలుగే. వాళ్లు ఒక్క మాట విని లేచిండ్రు, మనం సినిమా అంతా చూసి కూడా లేవలేదు.

ఆడపిల్లలు రాసిన కాగితాలు మాకు సంబురమనిపించినయి. గుడికాడ ఆడోళ్ల మీద చెయ్యి వేసిన సేతుపతి వేళ్లను దేవసేన నరికిన సీను అందరికంటే వాళ్లకే నచ్చింది. ఒక తొమ్మిదో తరగతి చెల్లె ఇట్ల రాసింది: "దేవసేన రాణి కాకపోతే ఆమెను కోర్టు దాకా పోనిచ్చేటోళ్లా?" మార్కులు వేసుడు కాదు, ఆ కాగితం దాచిపెట్టుకున్నం.

సినిమాలు చూడొద్దని మేము చెప్తలేం. చూసి వచ్చినంక అరుగు మీద కూసోని మాట్లాడుకోవాలె. ఇంకొకటి, మన జిల్లాల చేర్యాల ఉన్నది. అక్కడి నకాశీ కళాకారులు గీసిన పటం పట్టుకొని డక్కలోళ్లు జాంబపురాణం చెప్తరు. భూమి పుట్టకముందే పుట్టిన ఆది జాంబవుని కథ అది. మా తరగతిల చేతులెత్తమంటే బాహుబలికి అన్ని చేతులూ లేచినయి, జాంబవునికి ఒక్క చెయ్యి లేవలే.

అందుకే వచ్చే సమావేశం రోజు రాత్రి పటం కథ పెట్టించుకుందామని కమిటీ అనుకున్నది. దానికి ముందు పిల్లలు కట్టప్ప మీద చిన్న నాటిక వేస్తరు. అస్లాం ఖాన్ విడిపిస్తనన్నకాడ ఆపి, ఏం జవాబు చెప్పాలెనో చూసేటోళ్లనే అడుగుతరు. డప్పు కొట్టేటోళ్లు ఇంకా ఇద్దరు కావాలె. పేర్లు ఇయ్యాల్నే రాయించుండ్రి. చాపలు ఎవరివి వాళ్లు తెచ్చుకోవాలె, ముసలోళ్లను తోలుకరాండ్రి.