వకీలు అనే మాటకు అర్థం నిలబెట్టండి

(యువ న్యాయవాదులు, న్యాయశాస్త్ర విద్యార్థుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను న్యాయవాదిని కాను. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. అర్జీ రాసిపెట్టమనీ, కోర్టు కాగితం చదివి చెప్పమనీ మా వీధివారు నా వద్దకు వస్తుంటారు. కనుక ఈ వేదికపై నేను కక్షిదారుల పక్షాన నిలబడ్డానని భావించండి. న్యాయవాది తన వ్యక్తిత్వంతో, సృజనతో వృత్తిగౌరవాన్ని ఎలా పెంపొందించుకోవాలి అన్నది నాకిచ్చిన అంశం.

ముందుగా ఒక అనుభవం చెబుతాను. మా వీధిలో దర్జీపని చేసుకునే ఒక సోదరునిపైనా, ఆయన భార్యపైనా ఇంటి విషయమై దావా పడింది. వకీలును పెట్టుకున్నారు. ఫీజు చెల్లించారు, రసీదు లేదు. వాయిదా ఎప్పుడని అడిగినప్పుడల్లా "నేను చూసుకుంటాను, వెళ్లండి" అన్న సమాధానమే. నెలలు గడిచాక అమీనా వచ్చి తలుపు తట్టిన నాడు గాని తమపై ఏకపక్ష డిక్రీ అయిందని వారికి తెలియలేదు. దానిని రద్దు చేయమని కోరేందుకు చట్టమిచ్చే గడువు 30 రోజులు. అది ఎప్పుడో దాటిపోయింది. ఆ ఇల్లాలు నన్ను ఒక్కటే ప్రశ్న అడిగింది. "భాయీసాబ్, ఆయన మా వకీలా, వాళ్ల వకీలా?"

మిత్రులారా, వృత్తి ప్రతిష్ఠ గురించి ఇంతకన్న పెద్ద ప్రశ్న నేను వినలేదు. అరబీలో వకీలు అంటే ఇతరుల బాధ్యతను నమ్మకంగా తనపై వేసుకున్నవాడు. అల్లాహ్ శుభనామాలలో అల్ వకీల్ ఒకటి. ఆ మాట నుంచి వచ్చినదే మీరు రోజూ సంతకాలు చేయించుకునే వకాలత్‌నామా. అది అమానత్.

మీ వృత్తిలో ప్రకటనలకు చోటు లేదు. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళిలోని 36వ నియమం ప్రకటనల ద్వారా గాని, దళారుల ద్వారా గాని కేసులు సంపాదించడాన్ని నిషేధించింది. బోర్డు సైతం పరిమిత పరిమాణంలోనే ఉండాలి. ఫలానా కేసులలో నిపుణుడనని దానిపై రాసుకోరాదు. 2008లో చేసిన సవరణ వెబ్‌సైటులో పేరు, చిరునామా, అర్హతల వంటి కొద్ది వివరాలకే అనుమతించింది. కనుక న్యాయవాదికి పేరు రావలసిన దారి ఒక్కటే: చేసిన పని, చేసిన తీరు.

ఆ దారిలో సృజన ఎంత దూరం తీసుకుపోతుందో రెండు ఉదాహరణలు చూడండి. బీహారు జైళ్లలో విచారణ ఖైదీలు, నేరం రుజువైతే పడే శిక్షకన్న ఎక్కువ కాలంగా మగ్గుతున్నారని పత్రికలలో కథనాలు వచ్చాయి. లక్షలమంది చదివి పక్కన పెట్టారు. న్యాయవాది పుష్పా కపిల హింగోరాణి మాత్రం ఆ కథనాల ఆధారంగానే సుప్రీంకోర్టును ఆశ్రయించారు. అదే 1979 నాటి హుస్సేనారా ఖాతూన్ కేసు. సత్వర విచారణ 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని న్యాయస్థానం ప్రకటించింది.

రెండవవారు ముంబయికి చెందిన షాహిద్ ఆజ్మీ. చిన్న వయసులో టాడా కింద జైలుకు వెళ్లి, అక్కడే చదువు సాగించి, బయటికి వచ్చి న్యాయవాది అయ్యారు. ఎవరూ ముట్టుకోని కేసులు చేపట్టారు. 2010 ఫిబ్రవరి 11న తన కార్యాలయంలోనే హత్యకు గురయ్యారు. అప్పటికి ఆయన వయసు 32 ఏళ్లు. ముంబయి దాడుల కేసులో ఆయన వాదించిన ఫహీం అన్సారీని అదే ఏడాది విచారణ న్యాయస్థానం నిర్దోషిగా ప్రకటించింది. 2012లో సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పును సమర్థించింది.

అందరూ ఆజ్మీలు కానక్కరలేదు. మా దర్జీ ఇంటి సంగతికే వస్తాను. న్యాయసేవల చట్టం, 1987లోని 12వ సెక్షన్ ప్రకారం మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయసహాయం లభిస్తుంది. ఆ ఇల్లాలు జిల్లా న్యాయసేవాధికార సంస్థలో దరఖాస్తు పెట్టుకుంది. ఒక యువ న్యాయవాదిని నియమించారు. ఆ అమ్మాయి జాప్యాన్ని మన్నించమని పిటిషను వేసి, డిక్రీని రద్దు చేయించింది. కేసు ఇంకా నడుస్తోంది. జయాపజయాలు తేలలేదు. అయినా ఆమె పేరు మా వీధిలో అందరికీ తెలుసు. కారణం ఒక కాగితం. దానిపై మూడు గడులు గీసి, ఏం జరిగింది, తరువాత ఏం జరుగుతుంది, మీరేం తేవాలి అని తెలుగులో రాసి ఇచ్చింది. చదవలేని అత్తగారి కోసం ప్రతి వాయిదా తేదీని ఉర్దూలో మాట్లాడి ఫోనుకు పంపుతుంది. ఆ కాగితం వారింటి బీరువా తలుపుకు అతికించి ఉంది. ఏ బోర్డు తేగలదు ఆ గౌరవం?

మీకు నా విన్నపాలు మూడే. కక్షిదారుకు అర్థమయ్యే భాషలో కేసు వివరం ఒక పుటలో రాసివ్వండి. పుచ్చుకున్న ప్రతి రూపాయికీ రసీదు ఇవ్వండి. ఓడే కేసును ఓడే కేసని ముందే చెప్పండి. వీలైతే జుమా నమాజు తరువాత మసీదు ఆవరణలో కూర్చుని నికాహ్‌నామా, జనన ధ్రువపత్రం, వక్ఫ్ కాగితాల గురించి చెప్పండి. అయితే అక్కడ మీ విజిటింగ్ కార్డు పంచకండి. పంచిన మరుక్షణం బోధన కాస్తా బేరమవుతుంది.

ఇక్కడికి వచ్చిన తల్లులకు, సోదరీమణులకు ఒక మాట. న్యాయసహాయం కోసం 15100 నంబరుకు ఫోను చేయవచ్చు. వకీలును ప్రశ్నించడం అమర్యాద కాదు, మీ హక్కు.

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడని మన సామెత. ఆ సామెతను అబద్ధం చేసే శక్తి మీ చేతులలో ఉంది. "ఆయన మా వకీలే" అని ఏ ఇల్లాలైనా ధైర్యంగా చెప్పుకోగలిగేలా పనిచేయండి. అల్లాహ్ మీకు ఆ సౌభాగ్యం ప్రసాదించుగాక. ఆమీన్.