విహార పడవలో ఇంధనపు ట్యాంకు కారినచో

పంచాయతీ సభ్యులారా,

2018 మే నెలలో గోదావరిపై దేవీపట్నం సమీపమున పాపికొండలకు పోవు విహార పడవ నిప్పంటుకొన్నది. ప్రయాణికులు ప్రాణములతో బయటపడిరి. కారణమేదైనను, నీటి నడుమ నిప్పు రేగినచో పారిపోవుటకు చోటుండదని మనము ఎరిగితిమి.

పడవలో బిగించిన ట్యాంకు అడుగు కంటికి కనబడదు. తేమ నిలిచినచోట లోహము తుప్పుపట్టి చిల్లిపడును. పడవ అడుగునీటిపై నూనెతెట్టు, మూసిన అరలో వాసన దాని గురుతులు. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది. అడుగున పేరుకొని చిన్న నిప్పురవ్వకే మండును. డీజిలు అంత త్వరగా అంటుకొనకున్నను, కాగిన ఇంజనుపై పడినచో మండగలదు.

అట్టి తరి పడవను రేవు చేర్చి, ప్రయాణికులను దింపి, ఇంజను ఆపి, మీటలు ముట్టక, మూతలు తెరచి గాలి పారనీయవలెను. ఇంధనమును నిపుణునిచే మూతగల పీపాలలోనికి తీయింపవలెను. అడుగునీటిని ఏటిలో తోడిపోయరాదు. దిగువ గ్రామములవారు త్రాగునది ఆ నీరే. ఖాళీ ట్యాంకులోను ఆవిరి నిలిచియుండును గనుక దానిని పడవలోనే అతికింపబూనుట ప్రాణాపాయము. పైపూతలను నమ్మక, ట్యాంకును మార్పించుటయే మేలు.

2021 నాటి అంతర్దేశీయ నౌకల చట్టము మరపడవలకు తనిఖీ పత్రమును విధించినది. రేవుగల ప్రతి గ్రామమునను సభ్యులు ఆ పత్రమును అడిగి చూడవలెనని కోరుచున్నాము. ఒకనాటి రాబడి పోయినను మరల వచ్చును. పోయిన ప్రాణము రాదు.