కార్డు గీసే ముందు ఇంట్లో చెప్పండి
(బరంపురంలో ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగం)



ఈ ఏడాది మీలో చాలామంది హాస్టళ్లకు వెళ్తున్నారు. చేతిలో కార్డు ఉంటుంది. అందుకే నేను చేసిన ఒక తప్పు చెబుతాను.

2019లో మా అబ్బాయి ఫీజుకు గడువు దగ్గరపడింది. ఎవరినీ చేబదులు అడగలేక క్రెడిట్ కార్డు మీద 20,000 రూపాయలు నగదు తీశాను. నెలకు 1,000 చొప్పున కనీస మొత్తం కడుతూ, అప్పు తీరుతోందనుకున్నాను. ఒకరోజు స్టేట్‌మెంటు చూసి మా అబ్బాయే అడిగాడు: “నాన్నా, ఇదంతా వడ్డీకేనా?”

లెక్క వేశాం. నెలకు మూడున్నర శాతం వడ్డీ 700, దానిపై జీఎస్టీ 126. అసలులో తగ్గింది 174 మాత్రమే! ఆరు నెలల్లో 6,000 కడితే అసలు తగ్గింది 1,200 లోపే. నగదు తీసినందుకు రుసుము వేరే. మన పెద్దల భాషలో ఇది మూడున్నర రూపాయల వడ్డీ. రెండు రూపాయల వడ్డీ అంటేనే వాళ్లు వెనుకాడేవారు. చివరకు మా ఉద్యోగుల సహకార సంఘంలో అప్పు తీసుకుని కార్డు బాకీ తీర్చాను.

డెబిట్ కార్డుతో ఖర్చయ్యేది మన ఖాతాలోని డబ్బే. రోజువారీ ఖర్చుకు అది చాలు. క్రెడిట్ కార్డు అప్పు. గడువులోగా బిల్లు పూర్తిగా కడితే కొనుగోళ్లపై వడ్డీ ఉండదు. కొంత మిగిల్చినా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. నగదు తీస్తే మొదటి రోజు నుంచే.

ఫోన్లో దొరికే వారం రోజుల అప్పులతో మరీ జాగ్రత్త. 5,000 అప్పని చెప్పి 3,500 చేతికిచ్చి, వారంలో 5,000 కట్టమన్న ఆప్‌లున్నాయి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, ఖర్చులన్నీ కలిపి ఏడాదికి ఎంత శాతం పడుతుందో ముందే రాతపూర్వకంగా చూపాలి. అది చూపకపోయినా, మీ ఫోన్లోని నంబర్లు అడిగినా ఆ అప్పు వద్దు.

ఫీజుకైతే ముందుగానే బ్యాంకులో విద్యా రుణం అడగండి. ప్రభుత్వ రంగ బ్యాంకుల్లో సాధారణంగా అది రూపాయి వడ్డీ లోపే ఉంటుంది.

తల్లిదండ్రులారా, పిల్లలు డబ్బు చాలలేదంటే కోప్పడకండి. బాబూ, అమ్మా, అప్పు చేసే ముందు ఇంట్లో చెప్పండి. నేను చెప్పకపోవడమే నా అసలు తప్పు.