‘మనుషుల వల్ల’ అంటే ఏ మనుషుల వల్ల?

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)

ప్రతి ఏడూ ఇక్కడ పొదుపు ఎంత, అప్పు ఎంత, వసూలు ఎంత అని చెప్పుకుంటాం. ఈసారి మేము వసూలు కాని ఒక అప్పు గురించి చెప్పాలనుకున్నాం.

మా సంఘంలో ఒక సభ్యురాలు కొండ మీద చోళ్ళు, సామలు వేసింది. తొలకరి బాగానే పడింది. మొలక వచ్చాక వాన ఎగ్గొట్టింది, మొక్క మాడిపోయింది. మళ్ళీ విత్తనానికి సంఘంలో అప్పు తీసుకుంది. రెండోసారి వేసిన పంట గింజ పట్టే వేళకి ఎడతెరిపి లేని వాన. మూడు వాయిదాలు కట్టలేకపోయింది. మేమంతా మీటింగులో “అదను చూసి వెయ్యడం చేతకాలేదు” అన్నాం. ఆ తర్వాత చాలా వారాలు ఆమె మీటింగుకే రాలేదు. ఆ మాట అన్నది మేమే, తప్పు మాదే.

ఆ రోజుల్లోనే ఇంకో మాట విన్నాం. వాతావరణం మారింది మనుషుల వల్లే అని టీవీలో చెప్పారు. “మీరు పోడు కొట్టి అడవి కాలుస్తున్నారుగా, అందుకే ఈ ఎండలు” అని కొండ దిగి బజారుకు వెళ్తే అంటున్నారు. మా ముసలమ్మలేమో “కరువులు పూర్వం రాలేదా?” అంటారు. ఎవరి మాట నిజమో తెలుసుకుందామని సైన్సు టీచరు గారిని అడిగాం, పుస్తకాలు చదివించుకున్నాం.

బొగ్గు, పెట్రోలు, డీజిలు కాల్చితే కార్బన్ డయాక్సైడ్ అనే గాలి వస్తుంది. అది భూమి చుట్టూ గొంగడి కప్పినట్టు ఉండి వేడిని బయటికి పోనివ్వదు. ఇది నిన్న మొన్న కనిపెట్టింది కాదు. 1856లోనే అమెరికాలో యూనిస్ ఫుట్ అనే ఆవిడ గాజు గొట్టాల్లో రకరకాల గాలులు నింపి ఎండలో పెట్టి చూశారు. ఈ గాలి ఉన్న గొట్టం అన్నిటికన్నా ఎక్కువ వేడెక్కింది, నీడలోకి తెచ్చినా త్వరగా చల్లారలేదు. ఫ్యాక్టరీలు రాకముందు పది లక్షల పాళ్ళ గాలిలో ఇది సుమారు 280 పాళ్ళు ఉండేది. ఇప్పుడు 420 దాటింది.

మరి సూర్యుడే ఎక్కువ కాస్తున్నాడేమో? దాన్ని కూడా చూశారు. 1970ల చివరి నుంచి ఉపగ్రహాలతో కొలుస్తున్నారు, సూర్యుడి వేడి పెరగలేదు. సూర్యుడి వల్లే అయితే పైన ఉన్న గాలి పొర కూడా వేడెక్కాలి. కానీ కింద గాలి వేడెక్కుతుంటే ఆ పై పొర చల్లబడుతోంది.

శాస్త్రవేత్తలంతా ఒక మాట మీద ఉన్నారంటే చేతులెత్తి తీర్మానం చేశారని కాదు. మన పుస్తకాలు బుక్ కీపర్ రాస్తే సీసీ చూస్తారు, తర్వాత ఆడిటర్ చూస్తారు, తప్పు దొరికితే దిద్దిస్తారు. ఇదీ అంతే. ఐక్యరాజ్య సమితి సంస్థలు 1988లో పెట్టిన ఐపీసీసీ అనే సంఘం ఉంది. 2021 నివేదికకు 234 మంది శాస్త్రవేత్తలు 14,000కు పైగా పరిశోధనలు సరిచూశారు. మనుషులే భూమిని వేడెక్కించారు, ఇందులో అనుమానం లేదు అని తేల్చారు. దాని సారాంశాన్ని అన్ని దేశాల ప్రతినిధులూ వాక్యం వాక్యం చదివి ఒప్పుకున్నారు.

ముసలమ్మల మాట కూడా అబద్ధం కాదు, కరువులు పూర్వమూ ఉన్నాయి. ఒక్క ఏడు వాన చూసి వాతావరణం మారిందని చెప్పలేం. ఒక వారం పొదుపు చూసి సంఘం మంచీ చెడూ చెప్పలేం కదా, మొత్తం పద్దు చూడాలి. మన దేశం పద్దు కేంద్ర భూ విజ్ఞాన శాఖ 2020లో బయట పెట్టింది. 1951–1980తో పోల్చితే 1981–2011 మధ్య వానాకాలంలో వాన ఎగ్గొట్టే విడతలు 27 శాతం పెరిగాయి. కురిసినప్పుడు కుంభవృష్టి కూడా ఎక్కువైంది. అది చదివినప్పుడు మాకు ఆ సభ్యురాలి చోడి మడే కళ్ళ ముందు కనబడింది.

ఇంతకీ ఏ మనుషులు? మనుషులు ఏటా గాలిలో కలిపే ఈ గాలిలో పది పాళ్ళకు సుమారు తొమ్మిది పాళ్ళు బొగ్గు, చమురు, గ్యాసు, సిమెంటు నుంచే. ఆ లెక్కలో అమెరికాలో ఒక్కో మనిషి వాటా ఏడాదికి సగటున 14 టన్నులు. మన దేశంలో సుమారు 2 టన్నులు. కరెంటు, బండి అంతంతమాత్రంగా ఉన్న కొండ మీద ఇల్లు ఆ రెండు టన్నులకు కూడా ఎక్కడ వస్తుంది? అడవి నరకడం, కాల్చడం మిగతా ఒక పాలులో వస్తాయి. ప్రపంచంలో ఎక్కడెక్కడి అడవులో కలిపితే ఆ ఒక పాలు. అందులో మన చెయ్యి అసలు లేదని మేము అనం. పోడు మంట పక్క అడవికి పాకితే తప్పు మనదే. కానీ ఎండలన్నీ మన పోడు వల్లే అంటే మాత్రం ఆ లెక్క తప్పు, ఒప్పుకోం.

అప్పు చేసింది ఒకరు, వాయిదా కడుతున్నది మరొకరు. ఇదీ జరుగుతున్నది. పెద్ద దేశాలు పొగ తగ్గించాలి, అది మన చేతిలో లేదు. మన చేతిలో ఉన్నవి ఈ సభ ముందు పెడుతున్నాం.

ఒకటి, పంట అప్పుకు నెలనెలా వాయిదా వద్దు, పంట ఇంటికొచ్చాక కట్టేలా పెట్టండి. వాన దెబ్బ తగిలిన ఏడు గ్రామ సంఘం తీర్మానంతో గడువు ఇవ్వండి. రెండు, ప్రతి గ్రామ సంఘం దగ్గర చోళ్ళు, సామలు, కంది నాటు విత్తనం దాచాలి. ఒక కుంచం తీసుకున్నవాళ్ళు పంటకి కుంచంన్నర తిరిగి పోయాలి. అప్పుడు రెండోసారి విత్తుకోవడానికి అప్పు అక్కర్లేదు. మూడు, పద్దు పుస్తకం పక్కనే వాన పుస్తకం పెడదాం. ఏ రోజు వాన, ఏ రోజు విత్తు, ఎన్నాళ్ళు ఎగ్గొట్టింది, అన్నీ రాద్దాం. మన మాట నమ్మాలంటే మన దగ్గరా లెక్క ఉండాలి. నాలుగు, కాల్చే చోట చుట్టూ చెత్త చెక్కి బాట తీయకుండా ఎవరూ నిప్పు పెట్టకూడదు.

ఆ సభ్యురాలి ఇంటికి మేమంతా వెళ్ళి తప్పయిందని చెప్పాం. ఇప్పుడు మీటింగుకి వస్తోంది. వాన పుస్తకం రాసేది ఆమే. ఆమె బాకీ ఇంకా కొంత ఉంది, పంట రాగానే కడతానంది. ఈ నాలుగు మాటలూ తీర్మానంగా రాయించమని సమాఖ్యను కోరుతూ సెలవు తీసుకుంటున్నాం.